మీకు తెలుసా? విడిభాగాల రైఫిల్‌లో గురి ఎక్కడుంటుంది?

బ్యారెల్ ఒక కంపెనీది, ట్రిగ్గర్ ఇంకో కంపెనీది, భుజానికి ఆనించుకునే స్టాక్ మరో చోటిది. వీటన్నిటినీ విడివిడిగా కొని, ఇంట్లోనే బల్ల మీద పెట్టుకుని సొంత టార్గెట్ రైఫిల్ కూర్చుకునేవాళ్లు అమెరికాలో లెక్కలేనంతమంది. వేట కోసమో, ఆత్మరక్షణ కోసమో కాదు, కాగితం మీద చుక్కను కొట్టడం కోసమే వాళ్ల తాపత్రయమంతా. ఈ అభిరుచిలో ఓ చక్కని పాఠం ఉంది. అన్నీ ఖరీదైన భాగాలే తెచ్చినా రైఫిల్ గురి కుదరకపోవచ్చు. మామూలు భాగాలతో శ్రద్ధగా కూర్చింది చుక్క తప్పకపోవచ్చు. ఎందుకంటే గురిని నిర్ణయించేది ఒక భాగం మరో భాగాన్ని కలిసే చోటు. ఈసారి ముచ్చట్లన్నీ ఆ కలయికల గురించే. మన దేశంలో చట్టం ఏమంటుందో కూడా చివర్లో చూద్దాం.

రెండు స్క్రూలు తెచ్చిన విప్లవం

అమెరికాలో ఇంట్లో కూర్చే టార్గెట్ రైఫిళ్లకు మూలపురుషుడని చెప్పదగ్గది రూగర్ 10/22. 1964లో మార్కెట్‌లోకి వచ్చింది. పాయింట్ 22 తూటా వాడుతుంది. పది తూటాలు పట్టే, గుండ్రంగా తిరిగే మ్యాగజైన్ దీని ప్రత్యేకత. ఇప్పటికి 70 లక్షలకు పైగా అమ్ముడైంది.

చాలా రైఫిళ్లలో బ్యారెల్‌ను రిసీవర్‌లోకి, అంటే బోల్టు, ట్రిగ్గర్ అమరే మధ్య భాగంలోకి, మరలు తిప్పి గట్టిగా బిగిస్తారు. అది ఊడదీయాలంటే బిగించి పట్టే పెద్ద సామాను ఉండాల్సిందే. ఈ రైఫిల్‌లో అలా కాదు. బ్యారెల్ నేరుగా రిసీవర్‌లోకి జారి కూర్చుంటుంది. కింద 'వి' ఆకారంలో ఉన్న చిన్న ఉక్కు దిమ్మ, దానికి రెండు స్క్రూలు. పట్టి ఉంచేది అంతే. ట్రిగ్గర్ పెట్టె మొత్తం రెండు పిన్నుల మీద నిలుస్తుంది. తయారీ సులువుగా, చౌకగా ఉండాలని ఎంచుకున్న ఈ పద్ధతే తర్వాత వేలాదిమందిని సొంత రైఫిళ్ల కూర్పు వైపు నడిపించింది.

రూగర్ భాగం ఒక్కటీ లేని రూగర్!

బ్యారెల్ మార్చడం ఇంత తేలికయ్యేసరికి విడిభాగాల కంపెనీలు పుట్టుకొచ్చాయి. వోల్‌క్వార్ట్‌సన్, కిడ్, గ్రీన్ మౌంటెన్ వంటి పేర్లు ఆ రంగంలో అందరికీ తెలిసినవే. మొదట బ్యారెల్, తర్వాత ట్రిగ్గర్, ఆపైన తూటా వెనక మూసుకునే బోల్టు, చివరికి రిసీవర్ కూడా బయటి కంపెనీలే చేయసాగాయి. నేడు ఆ నమూనా రైఫిల్‌ను రూగర్ కంపెనీ భాగం ఒక్కటీ లేకుండా పూర్తిగా కూర్చవచ్చు.

టార్గెట్ కోసం కూర్చేవాళ్లకు ఇష్టమైనది 0.920 అంగుళాల వ్యాసమున్న లావుపాటి 'బుల్ బ్యారెల్'. లావుగా ఉంటే కంపనం తక్కువ, బరువు వల్ల చేతిలో నిలకడ ఎక్కువ. అయితే చిక్కు కూడా ఇక్కడే ఉంది. సన్నని బ్యారెల్ కోసం వేసిన ఆ రెండు స్క్రూలే ఇప్పుడు ఈ బరువంతా మోయాలి. ముందు వైపు బరువు పెరిగి బ్యారెల్ కాస్త కిందికి వాలుతుంది. అందుకే కొన్ని బయటి కంపెనీలు రిసీవర్ వెనక భాగంలో కూడా స్టాక్‌కు బిగించే అదనపు స్క్రూకు చోటిచ్చాయి. ఒక భాగం మెరుగుపడితే దాని పక్క భాగం కూడా మారక తప్పదన్నమాట.

ఏ భాగాన్ని 'తుపాకీ' అంటారు?

రైఫిల్‌ను పూర్తిగా విప్పి బల్ల మీద పరిస్తే అందులో తుపాకీ ఏది? అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం రిసీవర్. 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ నుంచి సీరియల్ నంబరు దాని మీదే ఉంటుంది. లైసెన్సున్న డీలరు దగ్గర రిసీవర్ కొంటే పూర్తి తుపాకీ కొన్నట్టే లెక్క. కొనేవారి నేపథ్యాన్ని తనిఖీ చేయాల్సిందే. బ్యారెల్, స్టాక్, ట్రిగ్గర్ మాత్రం ఫెడరల్ చట్టం లెక్కలో మామూలు సరుకే.

బ్రిటన్, జర్మనీల్లో లెక్క వేరు. అక్కడ బ్యారెల్ కూడా తుపాకీలో కీలక భాగమే. దానికీ అనుమతి పత్రం ఉండాలి. అమెరికాలోనూ రాష్ట్రానికో తీరు. సీరియల్ నంబరు లేకుండా ఇంట్లో తయారైన తుపాకుల మీద కాలిఫోర్నియా, న్యూయార్క్ వంటివి గట్టి ఆంక్షలు పెట్టాయి. విడిభాగాల కిట్లనూ తుపాకుల కింద లెక్కించే 2022 నాటి ఫెడరల్ నిబంధనను అక్కడి సుప్రీంకోర్టు 2025 మార్చిలో సమర్థించింది. నా దృష్టిలో ఇది సరైన దారే. ఏ తుపాకీ ఎవరి దగ్గరుందో తెలిపే నంబరు ఉన్నంత మాత్రాన నిజాయతీగా గురి సాధన చేసే మనిషికి నష్టమేమీ లేదు.

విక్టోరియా మహారాణి పేల్చిన తూటా

1860 జులై 2న లండన్ దగ్గర వింబుల్డన్‌లో బ్రిటిష్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ తొలి పోటీలు మొదలయ్యాయి. మొదటి తూటా పేల్చింది విక్టోరియా మహారాణి. రైఫిల్‌ను ఒక ఇనుప దిమ్మకు బిగించి, గురి ముందే సరిచేసి ఉంచారు. ఆమె పట్టు దారం లాగారు, అంతే. 400 గజాల దూరంలో లక్ష్యం మధ్య బిందువుకు అంగుళంపావు దూరంలో తూటా తగిలింది.

ఆ రైఫిల్ చేసినవాడు ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్. బ్యారెల్ లోపలి రంధ్రం గుండ్రంగా కాక ఆరు పలకలుగా ఉండేది. అప్పటి సైన్యపు ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లో గుండు 78 అంగుళాలు ప్రయాణిస్తేగానీ ఒక చుట్టు తిరిగేది కాదు. విట్‌వర్త్ దాన్ని 20 అంగుళాలకు కుదించాడు. దూరపు గురి విషయంలో ఈ మార్పు పెద్ద మలుపు.

గుండు ఎందుకు తిరగాలి? ఎంత తిరగాలి?

బొంగరం తిరుగుతున్నంతసేపే నిటారుగా నిలుస్తుంది. గుండు కూడా అంతే. గాల్లో ముందుకు వెళ్తూ తన చుట్టూ తాను తిరిగితేనే పల్టీలు కొట్టకుండా ఉంటుంది. బ్యారెల్ లోపల మెలిక తిరిగిన గాడులు చేసే పని అదే.

ఎంత మెలిక కావాలో లెక్క కట్టినవాడు బ్రిటన్‌లోని వూలిచ్‌లో గణితం బోధించిన జార్జ్ గ్రీన్‌హిల్. సూత్రం 1879 నాటిది. గుండు వ్యాసాన్ని దానితోనే గుణించాలి. వచ్చినదాన్ని 150తో గుణించి, గుండు పొడవుతో భాగించాలి. పాయింట్ 22 తూటాలోని సీసపు గుండు వ్యాసం 0.224 అంగుళాలు, పొడవు దాదాపు 0.46 అంగుళాలు. లెక్క వేస్తే 16 చిల్లర వస్తుంది. నేటికీ పాయింట్ 22 రైఫిళ్లలో ప్రామాణికమైన మెలిక 16 అంగుళాలకు ఒక చుట్టే! సెకనుకు 330 మీటర్ల వేగంతో బయటపడే గుండు ఆ లెక్కన సెకనుకు 800 సార్లకు పైగా గిర్రున తిరుగుతుంది. గుండు పొడవు పెరిగితే మెలిక బిగువు పెరగాలి. ఎంత మంచి బ్యారెల్ అయినా దాని మెలికకు నప్పని గుండు వేస్తే గురి చెదిరిపోతుంది.

చివరి అంచే చివరి మాట

గుండు బ్యారెల్‌లో చివరిసారిగా తాకేది మూతి అంచును. దాన్ని 'క్రౌన్' అంటారు. ఆ అంచు చుట్టూ సమంగా ఉంటే, వెనక తోసుకొచ్చే వాయువు గుండు చుట్టూ ఒకేసారి బయటపడుతుంది. ఒక పక్క చిన్న గీత పడినా వాయువు అటు నుంచి ముందుగా చిమ్మి గుండును పక్కకు నెడుతుంది. అందుకే టార్గెట్ బ్యారెళ్లలో అంచును లోపలికి దిగేసి చెక్కుతారు, కింద పెట్టినా, ఎక్కడైనా తగిలినా దెబ్బ తినకుండా. శుభ్రం చేసే కడ్డీ అజాగ్రత్తగా రాసుకున్నా ఈ అంచు పాడవుతుంది. ఎన్నో ఏళ్లు బాగా కొట్టిన రైఫిల్ ఉన్నట్టుండి చెదరగొడుతోందంటే అనుభవజ్ఞులు ముందుగా చూసేది ఇక్కడే.

కరెన్సీ నోటు పరీక్ష

టార్గెట్ రైఫిల్ కూర్చినవాళ్లు చేసే మొదటి పరీక్షకు ఏ పరికరమూ అక్కర్లేదు. ఖాళీ రైఫిల్‌ను బల్ల మీద పెట్టి, బ్యారెల్‌కూ కింది స్టాక్‌కూ మధ్య ఒక కరెన్సీ నోటు దూర్చుతారు. రెండు కొసలూ పట్టుకుని మూతి వైపు నుంచి రిసీవర్ వరకు జరుపుతారు. నోటు ఎక్కడా ఆగకుండా జారితే బ్యారెల్ స్టాక్‌ను తాకడం లేదని అర్థం. దీన్ని 'ఫ్రీ ఫ్లోటింగ్' అంటారు.

పేలిన క్షణంలో బ్యారెల్ తీగలా కంపిస్తుంది. ఆ కంపనం ప్రతిసారీ ఒకే తీరుగా ఉంటే గుండు ప్రతిసారీ ఒకే చోటికి పోతుంది. ఎక్కడో ఒకచోట చెక్క తగిలిందంటే ఆ ఒత్తిడి చేతిపట్టును బట్టి, బ్యారెల్ వేడిని బట్టి మారిపోతుంది. నోటు ఆగిన చోట స్టాక్‌ను కొద్దికొద్దిగా గరుకు కాగితంతో రుద్ది దారి చేస్తారు.

చెక్క తడి పీలిస్తే గురి మారుతుంది

బ్యారెల్ గాల్లో ఉండాలి సరే, మరి రిసీవర్? అది స్టాక్‌లో ఇసుమంత కూడా కదలకూడదు. చెక్క తేమ పీల్చుకుంటే ఉబ్బుతుంది, ఎండితే కుదించుకుపోతుంది. వానాకాలంలో సరిచేసిన గురి ఎండాకాలానికి జరిగేది అందుకే. దీనికి విరుగుడు 'బెడ్డింగ్'. రిసీవర్ కూర్చునే చోట ఎపాక్సీ పోసి, లోహం అందులో తన అచ్చు తానే వేసుకునేలా గట్టిపడనిస్తారు. స్క్రూలు బిగించినప్పుడు చెక్క నలగకుండా అల్యూమినియం గొట్టాలు కూడా పెడతారు. పొరలు పొరలుగా అతికిన ల్యామినేట్ చెక్క, ఫైబర్‌గ్లాస్, అల్యూమినియం స్టాకులు వచ్చాక ఈ బాధ బాగా తగ్గింది.

పదో వంతు మిల్లీమీటరు

బ్యారెల్ వెనక కొసలో తూటాను ఆపే చోటుకూ మూసిన బోల్టుకూ మధ్య ఎంత ఎడం ఉండాలో చెప్పే కొలత 'హెడ్‌స్పేస్'. దాన్ని చూడటానికి రెండు ఉక్కు గేజీలు ఉంటాయి. మొదటిది పెట్టి మూస్తే బోల్టు మూసుకోవాలి, రెండోది పెడితే మూసుకోకూడదు. పాయింట్ 308 రైఫిల్‌కు ఈ రెండు గేజీల మధ్య తేడా 0.1 మిల్లీమీటరు మాత్రమే. ఎడం ఎక్కువైతే ఇత్తడి తొడుగు చిట్లి వేడి వాయువు మొహం వైపు చిమ్మే ప్రమాదముంది. 1958లో వచ్చిన సావేజ్ 110 రైఫిల్‌లో బ్యారెల్‌ను ఒక పెద్ద నట్టుతో బిగించే పద్ధతి వల్ల ఈ కొలత సరిచేయడం తేలికైంది. అయినా గేజీ చూడకుండా ఏ రైఫిలూ పేల్చకూడదు. నైపుణ్యమున్న గన్‌స్మిత్ చేత చూపించుకోవడం నామోషీ కాదు.

బయటపడే ముందు ఓ పరీక్ష

ఇంగ్లండ్‌లో కొత్త బ్యారెల్ వేసిన తుపాకీని పరీక్ష ముద్ర లేకుండా అమ్మకూడదు. మామూలుకన్నా ఎక్కువ ఒత్తిడినిచ్చే తూటాతో పేల్చి చూసి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. లండన్ గన్‌మేకర్స్ కంపెనీకి రాజపత్రం 1637లో వచ్చింది. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1813లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. రెండూ నేటికీ పనిచేస్తున్నాయి.

'ఆఫ్టర్‌మార్కెట్' అన్న మాటకు ముందే ఆ పని చేసినవాడు

ఒక కంపెనీ తుపాకీకి బయటివాళ్లు చేసే భాగాలను 'ఆఫ్టర్‌మార్కెట్' అంటారు. ఆ పని చేసిన అమెరికా బ్యారెళ్ల నిపుణుడు హ్యారీ పోప్ 1861లో పుట్టాడు, 1950లో కన్నుమూశాడు. రైఫిళ్లు పూర్తిగా చేయడం కన్నా ఇతర కంపెనీల యాక్షన్లకు, అంటే పేల్చే యంత్రాంగాలకు, తన బ్యారెల్ అమర్చడంలోనే ఆయన పేరు మోగిపోయింది. 1906లో శాన్ ఫ్రాన్సిస్కోలో దుకాణం పెట్టుకోగానే భూకంపం వచ్చి సర్వం పోయింది. తర్వాత జెర్సీ సిటీలో, సామాను గుట్టల మధ్య, ఒంటరిగా బ్యారెళ్లు చెక్కుతూ దశాబ్దాలు గడిపాడు. తొందరపెడితే పని తీసుకునేవాడు కాదు.

1901లో సి.డబ్ల్యూ. రోలండ్ అనే షూటర్ పోప్ బ్యారెల్‌తో 200 గజాల నుంచి పది తూటాలు పేల్చాడు. పదీ కలిసి పడిన చోటు కొలత 0.725 అంగుళాలు, అంటే 18 మిల్లీమీటర్ల చిల్లర. సీసపు గుండ్లతో ఇది దశాబ్దాలపాటు చెప్పుకునే రికార్డుగా నిలిచింది.

ఒక డాక్టరు, ఒక అచ్చుల పనివాడు

రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కేవలం తూటాల గుంపు ఎంత చిన్నదో పోటీపడే ఆట 'బెంచ్‌రెస్ట్'. 1970ల మధ్యలో ఇద్దరు ఔత్సాహికులు ఈ ఆటను మార్చేశారు. లూయీ పాల్మిసానో వృత్తిరీత్యా రక్తనాళాల సర్జన్, ఫెర్రిస్ పిండెల్ అచ్చులు, పనిముట్లు చేసే మనిషి. రష్యన్ పాయింట్ 220 తూటా తొడుగును మార్చి, పొట్టిగా లావుగా ఉండే కొత్త తూటాను రూపొందించారు. ఇద్దరి ఇంటిపేర్లతో దానికి పీపీసీ అని పేరొచ్చింది. ఇవాళ్టికీ తక్కువ దూరపు బెంచ్‌రెస్ట్ పోటీల్లో 6 మిల్లీమీటర్ల పీపీసీదే పైచేయి. పెద్ద కంపెనీ పరిశోధనశాలలో పుట్టాల్సిన పనిని ఇద్దరు అభిమానులు చేసి చూపించారు. ఈ రంగం మీద నాకు గౌరవం పెరిగింది ఇలాంటి మనుషుల వల్లే.

వేలికి తెలియాల్సిన బరువు

ఫ్యాక్టరీ నుంచి వచ్చిన మామూలు పాయింట్ 22 రైఫిల్ ట్రిగ్గర్ నొక్కాలంటే రెండు కిలోల పైచిలుకు బలం కావాలి. రైఫిల్ బరువే మూడు కిలోల లోపు! నొక్కేటప్పుడు గురి కదలకుండా ఎలా ఉంటుంది? అందుకే కూర్చేవాళ్లు ట్రిగ్గర్ మీద అంత డబ్బు పెడతారు. అంతర్జాతీయ నిబంధనల్లో ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములు, 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌కు 1,500 గ్రాములు ఉండాలి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు కనీస పరిమితే లేదు. కానీ తేలిక ట్రిగ్గర్ రేంజిలో, ఆరితేరిన వేలి కింద మాత్రమే క్షేమం.

ఒకే రకం, ఒకే కంపెనీ, వేరే ఫలితం

ఇంగ్లండ్‌లోని ఈలీ, ఫిన్లండ్‌కు చెందిన లాపువా వంటి తూటాల కంపెనీలు షూటర్ల కోసం ప్రత్యేక పరీక్షా రేంజీలు నడుపుతాయి. షూటర్ తన రైఫిల్ తీసుకెళ్తాడు. దాన్ని దిమ్మకు బిగించి ఒక్కో లాట్, అంటే ఒకే విడతలో తయారైన, తూటాలు పేల్చి చూస్తారు. ఒకే రకం, ఒకే ధర, ఒకే యంత్రం. అయినా ఒక లాట్ ఆ బ్యారెల్‌కు అతికినట్టు సరిపోతుంది, మరో లాట్ చెదరగొడుతుంది. బాగా కుదిరిన లాట్ నంబరు దొరికితే ఏడాదికి సరిపడా కొనిపెట్టుకుంటారు. పాయింట్ 22 పోటీ తూటాలను కావాలనే ధ్వని వేగానికి కాస్త తక్కువగా ఉంచుతారు. ధ్వని వేగం దాటి వెళ్లిన గుండు మళ్లీ దాని కిందికి దిగేటప్పుడు కుదుపుకు లోనై దారి తప్పుతుంది మరి.

పది మార్కుల వలయం ఎంత?

50 మీటర్ల రైఫిల్ లక్ష్యంలో పది వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. గుండు 5.6 మిల్లీమీటర్లు. అంచు తాకినా పది మార్కులే కాబట్టి, గుండు మధ్య బిందువు లక్ష్యం మధ్య నుంచి 8 మిల్లీమీటర్ల లోపు పడితే చాలు. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క! పైగా పెద్ద పోటీల్లో 10.9 వరకు దశాంశాల్లో మార్కులిస్తారు.

అన్నిటికన్నా కీలకమైన కలయిక

బ్యారెల్, రిసీవర్, తూటా అన్నీ కుదిరాక మిగిలేది రైఫిల్ మనిషిని కలిసే చోటు. జర్మనీ కంపెనీలు ఆన్‌షుట్జ్, వాల్టర్, ఫైన్‌వెర్క్‌బావ్ చేసే పోటీ రైఫిళ్లలో చెంప ఆనే ముక్క, భుజానికి తగిలే పలక, అరచేతి పట్టు ప్రతిదీ మిల్లీమీటర్ల లెక్కన జరుగుతుంది. చెంప ప్రతిసారీ ఒకే చోట వాలితేనే కన్ను ఒకే చోట నిలుస్తుంది.

ఇలా సరిచూసుకునే ఓపిక మన వాళ్లకూ బాగా తెలుసు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచారు. ఆయన నెలకొల్పిన అకాడమీలో శిక్షణ పొందిన హైదరాబాదీ ధనుష్ శ్రీకాంత్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ స్వర్ణం సాధించారు. మహారాష్ట్ర యువకుడు స్వప్నిల్ కుసాలే 2024 పారిస్‌లో 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల్లో కాంస్యం తెచ్చారు. ఆ విభాగంలో భారత్‌కు అదే తొలి ఒలింపిక్ పతకం.

మన దేశంలో ఇంట్లో కూర్చవచ్చా?

కూర్చకూడదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ భాగాలు కూడా తుపాకీ కిందికే వస్తాయి. తయారీకే కాదు, మార్పులకు, మరమ్మతుకు, పరీక్షకు కూడా లైసెన్సు తప్పనిసరి. 2019 సవరణ తర్వాత అక్రమ తయారీకి కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవ శిక్ష పడుతుంది. అమెరికా వీడియో చూసి ముచ్చటపడి విడిభాగాలు తెప్పించుకోవాలనుకునే కుర్రాళ్లు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి.

మరి సరదా తీరేదెలా?

దారి ఉంది, అదీ రాచబాటే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మిల్లీమీటర్లు, 20 జౌళ్ల పరిమితి దాటని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఒలింపిక్స్‌లో వాడేదీ 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిలే. 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియాకు తొలి అధ్యక్షుడు లోక్‌సభ తొలి స్పీకర్ జి.వి. మావలంకర్. ఆయన పేరిట జరిగే పోటీలు నేటికీ కొత్తవారికి జాతీయ పోటీల మెట్టు. రాష్ట్ర రైఫిల్ సంఘంలోనో, గుర్తింపు పొందిన క్లబ్బులోనో చేరితే కోచ్ ఉంటారు, భద్రత ఉంటుంది. పోటీల్లో పేరు తెచ్చుకున్న షూటర్లకు విదేశీ రైఫిల్ తెప్పించుకునే వీలును కూడా నిబంధనలు కల్పిస్తాయి.

గ్యారేజీలో రైఫిల్ కూర్చుకునే అమెరికా వాడు వారాల తరబడి సరిచేసేది చెంప ఎత్తు, భుజపు పలక, ట్రిగ్గర్ స్పర్శ, తూటా ఎంపిక. ఇవన్నీ క్లబ్బు ఎయిర్ రైఫిల్ మీద మన పిల్లలు చట్టబద్ధంగా నేర్చుకోగలిగినవే. గురి కుదిర్చే పనిలో చాలా భాగం అక్కడే ఉంది. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఈ సరదా ఉంటే విడిభాగాల జాబితా పక్కన పెట్టి, దగ్గర్లోని షూటింగ్ రేంజికి తీసుకెళ్లండి.